గాలికన్ను : నార్వీజియను గృహవాచక సమాసమొకదాని చరిత్ర

1

గృహసంబంధులగు పదములు నిత్యవ్యవహారమున నలిగినవగుటచే వాని పుట్టుపూర్వములను గూర్చి సామాన్యముగా నెవ్వరును ప్రశ్నింపరు. వాకిలి, ముంగిలి, నట్టిల్లు, పెరడు అను మాటలను దినమునకు పలుమారు పలుకువారికి అవి యెట్లేర్పడినవను చింత యుండదు. పదచరిత్రను పరిశీలించువానికి మాత్రము ఇట్టి మాటలే మిక్కిలి విలువగలవి. ఏలయన, ఇల్లు మారును, ఇంటి భాగములు మారును, వానిని కట్టు పద్ధతి మారును. పేరు మాత్రము తరచుగా నిలిచియుండును. అట్లు నిలిచిన పేరు లుప్తమైన వస్తువునకు సాక్ష్యమగును. అయితే ఆ సాక్ష్యమును సరిగా వినవలెనన్న పదమును మాత్రమే కాక వస్తువును గూడ నెరిగియుండవలెను.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది నార్వీజియను భాషలో కిటికీకి గల పేరు. ఆ భాషకు గల రెండు వ్రాతరూపములలో ఒకదాన అది 'విన్దౌగె', రెండవదాన 'విన్దు'. రెండును ఒకే సమాసము యొక్క రూపములు. ప్రాచీన నార్సు భాషలో ఆ సమాసము 'విన్దౌగ'. 'విన్ద్' అనగా గాలి, 'ఔగ' అనగా కన్ను. 'గాలికన్ను' అని తెలుగు సేయవచ్చును. ఇంగ్లీషువారి 'విండో' గూడ ఈ సమాసమే యని మన విద్యార్థులు పెక్కురెరుగుదురు. ఇంతవరకు వివాదము లేదు. కాని ఇంతతో వ్యుత్పత్తి ముగిసినదని తలచుట పొరపాటు. గాలికి కన్నేమి? ఆ కన్నుతో చూచునది యెవరు? ఉత్తరదేశీయుల ప్రాచీనకవులు గూఢమైన రూపకసమాసములకు ప్రసిద్ధులు గనుక ఇదియు వారి కల్పనయే యని కొందరు సంతోషముతో చెప్పుదురు. ఈ ఊహ రమ్యమేగాని నిలువదని మా అభిప్రాయము. సమాసమునందలి యవయవముల వ్యుత్పత్తి తెలిసినంతమాత్రమున సమాసము యొక్క వ్యుత్పత్తి తెలిసినట్లు కాదనుట మేము నిరూపింపదలచిన విషయము. దీనికి మన గవాక్ష, వాతాయన శబ్దములు గూడ సాక్ష్యమిచ్చును.

2

మొదట రూపములను గమనింతము. ప్రాచీన నార్సు 'విన్దౌగ' నుండి ఫారో ద్వీపముల భాషలో 'విన్దెయ్గ', డేనిషు భాషలో 'విన్దూఎ', నార్వేలో పైని చెప్పిన రెండు రూపములును ఏర్పడినవి. స్వీడనులో ప్రాచీనకాలమున ఇదే సమాసముండెను. కాని మధ్యయుగములందు ఉత్తర జర్మనీ వర్తకుల ప్రాబల్యమువలన వారి భాషనుండి వచ్చిన 'ఫొన్‌స్టెర్' దానిని తొలగించెను. ఈ 'ఫొన్‌స్టెర్' లాటిను 'ఫెనెస్త్ర' శబ్దభవము. జర్మను, డచ్చి భాషలలోని కిటికీ పేర్లును దానినుండియే వచ్చినవి. రోమనుల కట్టడపు పద్ధతి ఎంతవరకు వ్యాపించెనో ఆ పదమును అంతవరకు నడచెను. ఐస్లాండునందు 'విన్దౌగ' ఉన్నను, కిటికీకి సామాన్యనామము 'గ్లుగ్గి'. దీనికి మొదటి యర్థము చిన్న రంధ్రము. నార్వే భాషలోను 'గ్లుగ్గె' అనగా చిన్న గవాక్షమే.

సముద్రము దాటి ఈ సమాసము పోయిన దేశములు రెండు గలవు. తొమ్మిదవ శతాబ్దము మొదలుకొని డేనులు, నార్వేవారు ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగములలో స్థిరపడిరి. వారివలన ఈ పదము ఇంగ్లీషున ప్రవేశించెను. పదుమూడవ శతాబ్దారంభమునాటి గ్రంథములలో కానవచ్చుచున్నది. అంతకు పూర్వము ఇంగ్లీషువారికి సొంతమాటలుండెను. వానిని ముందు చెప్పెదము. ఫ్రెంచివారి పాలనలో 'ఫెనెస్టెర్' అను లాటిను తద్భవము గూడ పదునారవ శతాబ్దమువరకు వాడుకలోనుండి నశించెను. పాలకుల మాట నశించి, వలసవచ్చిన కాపుల మాట నిలుచుట గమనింపదగినది. ఐర్లండునందు ఉత్తరదేశీయులు 841లో డబ్లినులో శిబిరము నిలిపిరి. ఆ సంపర్కమువలన ఐరిషు భాషకు 'ఫువిన్యోగ్' అను కిటికీపేరు కలిగెను. అదియు 'విన్దౌగ' యొక్క రూపాంతరమే. ఇట్లొక గృహవాచకము మూడు దేశముల జనుల నోట నిలిచినది.

3

ఇక అవయవములు. 'విన్ద్' అను మాటకు మూలము 'వీచు' అను అర్థముగల ఇండో-యూరోపీయ ధాతువు. సంస్కృతమున అది 'వా' ధాతువు. 'వాతి' యనగా వీచుచున్నది. ఆ ధాతువునుండి వర్తమాన కృదంతముగా నేర్పడిన 'వీచునది' అను రూపమే లాటినున 'వెన్తుస్', జర్మానిక భాషలలో 'విన్ద్' అయినది. మన 'వాత' శబ్దమును ఈ కుటుంబమునందలిదే.

'ఔగ' అను మాటకు సంస్కృతమున 'అక్షి', లాటినున 'ఓకులుస్', రష్యనున 'ఓకొ', లిథువేనియనున 'అకిస్' జ్ఞాతులు. హల్లుల సంవాదము జర్మానిక ధ్వనిసూత్రములకు లోబడినదే. ఆదియందలి 'ఔ' కారము మాత్రము క్రమమైనది కాదు. గోథిక భాషలో చెవికి 'ఔసో' యను పేరు గలదు. కన్ను, చెవి అను జంటపదములలో ఒకదాని స్వరము రెండవదానికి సోకినదని పండితులు సమాధానము చెప్పుదురు. వాడుకలో జంటగా వచ్చు మాటలు ఒకదానినొకటి పోలుటకు యత్నించుట అన్ని భాషలలోను కలదు గనుక ఈ సమాధానము యుక్తముగానే యున్నది.

కావున 'విన్ద్' మన 'వాత' మునకు, 'ఔగ' మన 'అక్షి'కి జ్ఞాతులు. సంస్కృతమున 'వాతాక్షము' అని మనమొక మాటను కట్టుకొన్నచో అది అవయవశః 'విన్దౌగ'తో సరిపోవును. కాని అట్టి మాట మన గృహవాచకములలో చేరలేదు. మనకున్నవి 'వాతాయనము', 'గవాక్షము'. ఒకదానిలో గాలి గలదు, కన్ను లేదు. మరియొకదానిలో కన్ను గలదు, గాలి లేదు. ఉత్తరదేశీయులు మొదటిదాని పూర్వపదమును, రెండవదాని ఉత్తరపదమును చేర్చినట్లు తోచును. ఈ పోలిక యెంత ఆకర్షణీయమో అంత ప్రమాదకరము. దీని విలువ నిర్ణయించుటకు ముందు సమాసార్థమును తేల్చుకొనవలెను.

4

మన వైయాకరణులు సమాసమునకు విగ్రహవాక్యము చెప్పనిదే తృప్తినొందరు. 'విన్దౌగ'కు విగ్రహమేమి? గాలి యొక్క కన్ను అని షష్ఠిగా చెప్పవలెనా? గాలికొరకైన కన్ను అని చతుర్థిగా చెప్పవలెనా? గాలిని చూచు కన్ను అని చెప్పవలెనా? ప్రాచీన నార్సున సమాసములు రెండు విధములుగా నేర్పడును. పూర్వపదము షష్ఠీవిభక్తితో నిలుచుట ఒక విధము. ప్రాతిపదికమాత్రముగా నిలుచుట రెండవ విధము. గాలికి ఆ భాషలో షష్ఠీరూపము 'విన్ద్స్'. మన సమాసమున పూర్వపదము 'విన్ద్' అని ప్రాతిపదికగానే యున్నది. అనగా విభక్తి లోపించినది. రెండు పదముల సంబంధమేదియో రూపమువలన తెలియదు. వ్యాకరణమింతవరకే మనలను కొనిపోగలదు. తక్కిన దారి ఇంటిని చూచి తెలిసికొనవలసినదే.

మొదట ఉత్తరపదమును విచారింతము. 'కన్ను' అనగా చూపునకు సాధనమైన అవయవమేనా? ఉత్తర ఐరోపా భాషలు మరొక యర్థమునిచ్చుచున్నవి. నాలుగవ శతాబ్దమున వుల్ఫిల పేర వెలసిన గోథిక బైబిలు అనువాదమున, పౌలును గోడయందలి కిటికీనుండి గంపలో క్రిందికి దింపిన సందర్భమున కిటికీకి 'ఔగదౌరో' అను సమాసము వాడబడినది. 'దౌరో' అనగా ద్వారము, అది 'కంటివాకిలి'. గ్రీకు మూలమున ఉన్న మాటకు 'చిన్న వాకిలి' అని మాత్రమే యర్థము. కావున 'కన్ను' అనునది మూలమునుండి వచ్చినది కాదు, గోథికుల వాడుకనుండి వచ్చినది. ప్రాచీన ఇంగ్లీషున కిటికీకి 'ఏఆగ్‌దురు' అనగా కంటివాకిలి, 'ఏఆగ్‌థ్యురెల్' అనగా కంటిరంధ్రము అను పేర్లుండెను. ఈ రెండవ సమాసమునందలి 'థ్యురెల్' అనగా తొలిచిన రంధ్రము. ఇంగ్లీషువారి ముక్కుపుటమునకు గల పేరున అది నేటికిని దాగియున్నది. రష్యను 'అక్నో' యనగా కిటికీ. అది 'ఓకొ' అనగా కన్ను అను మాటనుండి పుట్టినది. ఫిన్నిషు 'ఇక్కున' ఈ స్లావిక శబ్దము నుండియే అరువు తీసికొనబడినది.

తెలుగున గూడ 'కన్ను' చూపుటకే పరిమితము కాదు. కొబ్బరికాయకు మూడు కన్నులు. వలకు కన్నులు, జల్లెడకు కన్నులు. దొంగ గోడకు వేయు 'కన్నము' గూడ ఈ కుటుంబమునకే చెందినది. ద్రావిడభాషలలో 'కణ్' అను మాటకు నేత్రము, రంధ్రము అను రెండర్థములును గలవు. తెలుగువాడు వలకన్ను అన్నపుడు కవిత్వము చెప్పుటలేదు, పనివాని మాట చెప్పుచున్నాడు. 'విన్దౌగ' యందలి 'ఔగ' కూడ ఇట్టిదే. నార్వేవారు సూది బెజ్జమును నేటికిని సూది 'కన్ను' అనియే వ్యవహరింతురు.

కావున ఉత్తరపదార్థము 'రంధ్రము'. దీనితో రూపకవాదము సగము కూలినది. ఇక మిగిలినది గాలి.

5

నార్వే పల్లెలలోని పాతయింటిని మనమిపుడు తలచుకొనవలెను. ఆ యింటికి గోడలు పెద్ద మ్రాకులతో ఒకదానిపైనొకటి పేర్చి కట్టినవి. ఇంటి నడుమ నేలపై రాళ్లతో అమర్చిన పొయ్యి. దానిని 'ఓరె' యందురు. అట్టి పొయ్యిగల యింటిని 'ఓరెస్తూవె' అందురు. పొగగొట్టము లేదు. పొయ్యికి సరిగా పైన కప్పులో నొక చతురపు తెరపి యుండెడిది. దానిపేరు 'ల్యోరి', నేటి ఉచ్చారణలో 'యూరె'. పొగ పోవుటయు, వెలుతురు వచ్చుటయు ఆ తెరపినుండియే. వాన, మంచు కురియునపుడు దానిని మూయుటకు పశువుల పొట్టపొరను చట్రమునకు బిగించి, పొడవైన కర్రతో పైకెత్తియు దింపియు నడిపించెడివారు. పొర పలుచనిదగుటచే మూసినపుడును కొంత వెలుతురు వచ్చెడిది. ఓస్లో నగరమున 1894లో స్థాపింపబడిన జానపద వస్తుప్రదర్శనశాలలో నూమెదాల్ ప్రాంతమునుండి తెచ్చి నిలిపిన 'రౌలాన్' ఇల్లు ఇట్టి మధ్యయుగపు గృహములలో నొకటి.

'ల్యోరి' అను పేరు వెలుతురు అను నర్థముగల మాటకు సంబంధించినది; సంస్కృతమున 'రుచ్' ధాతువు, లాటినున 'లూక్స్' దానికి జ్ఞాతులు. కావున ఆ యింట వెలుతురునకు ఒక తెరపి, ఒక పేరు గలవు. గోడలోగాని, కప్పు క్రింది త్రికోణభాగమునగాని గాలికై విడిచిన చిన్న రంధ్రమునకు మరియొక పేరు కావలసివచ్చెను. దానికి అద్దము లేదు, పొర లేదు. అవసరమైనపుడు మూయుటకు పలకమాత్రముండెడిది. ఆ రంధ్రమునుండి వచ్చునది గాలి. దానివలన పొగ కదలి పైకి పోవును. వెలుతురు తెరపి 'ల్యోరి' అయినపుడు గాలి తెరపి 'విన్దౌగ' అయినది. రెండు పేర్లును ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చూచినపుడే రెండవదానిలోని 'గాలి' యను పూర్వపదము ఎందుకు వచ్చినదో తెలియును. సమాసమునందు పూర్వపదము చేయు పని వ్యావర్తనము. అనగా ఒకదానిని వేరొకదానినుండి వేరు చేయుట. ఇచ్చట వేరుచేయబడినది వెలుతురు కన్ను నుండి గాలికన్ను.

కావున విగ్రహము 'గాలికొరకైన రంధ్రము' అనియే చెప్పవలెను. ఇది కవి కల్పించిన రూపకము కాదు, ఇల్లు కట్టినవాడు పెట్టిన పేరు. బయటి వాతావరణమును చూచుటకు కన్నువంటిదని కొందరు చెప్పు మూడవ విగ్రహమునకు ఆ నాటి యింటిలో స్థానము తక్కువ. ఎత్తుగా గోడలో విడిచిన యిరుకు రంధ్రము చూచుటకై ఏర్పడినది కాదు.

తరువాతి చరిత్ర ఈ పేరునకు వింతగతి పట్టించెను. నడిమిపొయ్యి తొలగి, మూలకు పొగగొట్టముతో కూడిన 'పెయిస్' అను పొయ్యి వచ్చెను. ఈ మార్పు ఒక్కసారి జరిగినది కాదు. పశ్చిమ తీరమున కప్పు తెరపియు, పొగగొట్టము లేని రాతిపొయ్యియు చాలకాలము నిలిచెను. పొగ గొట్టమునుండి పోవుటతో కప్పు తెరపికి పనిలేకపోయెను. అది మూతపడగా వెలుతురు రావలసిన దారి గోడకు దిగెను. పదునేడవ శతాబ్దము మొదలుకొని పల్లెయిండ్లకు గూడ క్రమముగా గాజు వచ్చెను. 1741లో నోస్తెతాంగెన్ అనుచోట గాజు కర్మాగారము స్థాపింపబడినది. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున బీరి మొదలగు చోట్ల కిటికీ గాజు తయారయ్యెను. అప్పుడు గోడలోని తెరపికి నిలిచిన పేరు 'గాలికన్ను'. కాని దాని పని తలక్రిందులైనది. పూర్వము గాలిని లోనికి రానిచ్చి వెలుతురును పెద్దగా నీయని రంధ్రము, ఇపుడు వెలుతురునిచ్చి గాలిని ఆపు అద్దపు పలకయయ్యెను. పూర్వము చూచుటకు పనికిరాని 'కన్ను' ఇపుడు నిజముగా చూచు కన్నయ్యెను. నేటి వస్తువును మాత్రము చూచి వ్యుత్పత్తి చెప్పబూనినవాడు రెండు పదములకును తప్పు అర్థమే చెప్పును.

ఈ మార్పును కొన్ని మాండలికములు గ్రహించినట్లే కన్పట్టును. నార్వే పల్లెభాషలలో కిటికీని 'గ్లాస్', అనగా గాజు అనియు వ్యవహరింతురు. అచ్చట పేరు పనినుండి తొలగి పదార్థమునకు వచ్చినది.

6

ఇక మన శబ్దములకు వత్తము. అమరసింహుడు పురవర్గమున వాతాయన, గవాక్ష శబ్దములను ప్రక్కప్రక్కన పర్యాయములుగా చెప్పినాడు. పర్యాయములైనను నామకరణ హేతువులు వేరు. 'వాతాయనము' గాలి నడచు దారి. పనినిబట్టి వచ్చిన పేరు. 'గవాక్షము' ఆవుకన్ను, ఆకారమునుబట్టి వచ్చిన పేరు. సిద్ధాంతకౌముదీకారుడు దీనికి 'ఆవుల కన్నువంటిది' అను భావముతో విగ్రహము చెప్పియున్నాడు. 'విన్దౌగ'కు ఇట్లు 'వంటిది' అను మాట చేర్ప వీలులేదు. గాలికి పోలికకు దగిన కన్ను లేదు గదా.

గవాక్షశబ్దసాధనమున పాణిని చేసిన యొక సూక్ష్మవిభాగము ఇచ్చట మిక్కిలి యుపయోగించును. అష్టాధ్యాయి ఐదవ అధ్యాయము నాల్గవ పాదమున, అక్షిశబ్దము సమాసాంతమున నున్నపుడు అది చూచు ఇంద్రియమును చెప్పనిచో 'అక్ష' అని అకారాంతమగునని విధింపబడినది. అనగా చూడని కన్నునకు వేరు రూపము. ఆవు ముఖముననున్నది 'అక్షి', గోడయందున్నది 'అక్షము'. ఉత్తరదేశీయుల భాషలో 'ఔగ' ఈ రెండర్థములందును ఒకే రూపముతో నిలిచి నేటివారిని భ్రమపెట్టుచుండగా, సంస్కృతవ్యాకరణము ఆ భేదమును ప్రత్యయముతోనే గుర్తించినది.

తమిళమున కిటికీకి 'కాలదర్' అను ప్రాచీనపదము గలదు. 'కాల్' అనగా గాలి, 'అదర్' అనగా దారి. అది అవయవార్థమున వాతాయనమే. శిలప్పదికారమున ఈ కాలదరులు లేడికన్ను ఆకారముగలవిగా వర్ణింపబడినవి. అనగా ఒకే వర్ణనమున పని గాలినిబట్టియు, ఆకారము కన్నునుబట్టియు చెప్పబడినది. దీనికిని నార్వే పదమునకును చారిత్రక సంబంధమేదియు లేదు. అయినను రంధ్రమును చూచి మానవుడు కన్ను ననుట, దాని పని చూచి గాలి ననుట ఎంత సహజమో ఇది తెలుపుచున్నది.

ఇంతకంటె ముఖ్యమైన సాక్ష్యము నార్వే భాషలోనే గలదు. ఓడప్రక్కన అమర్చు గుండ్రని చిన్నకిటికీని నార్వేవారు 'కూ-ఒయ్యె' యందురు. డేనులకును అట్టి మాటయే గలదు. 'కూ' అనగా ఆవు, 'ఒయ్యె' అనగా కన్ను. ధ్వనిసూత్రములనుబట్టి 'కూ' మన 'గో' శబ్దమునకు జ్ఞాతి. 'ఒయ్యె' మన 'అక్షి'కి జ్ఞాతి. అర్థము కిటికీ. అవయవములు రెండును, అర్థమును గవాక్షముతో సరిపోవుచున్నవి. ఇది చూచి ఇండో-యూరోపీయ మూలభాషలోనే 'గవాక్ష'మను సమాసముండెనని యెవ్వరైన చెప్పినచో మనమేమనవలెను? అట్లు చెప్పుట తప్పు. 'కూ-ఒయ్యె' ఇటీవలి నావికుల మాట. ఫ్రెంచివారును గుండ్రని కిటికీని 'ఎద్దుకన్ను' అనియే యందురు. ఇంగ్లీషు నావికులకును అట్టి వాడుక గలదు. గుండ్రని రంధ్రము పశువు కన్నును స్మరింపజేయుట ఏ దేశమునందైనను జరుగవచ్చును.

దీనివలన మనము గ్రహింపవలసిన సూత్రమిది: అవయవములు జ్ఞాతులగుట వేరు, సమాసము వారసత్వముగా వచ్చుట వేరు. జ్ఞాతిపదములతో రెండు జాతులు వేరువేరుగా ఒకే సమాసమును కట్టవచ్చును. సమాసము ప్రాచీనమని చెప్పుటకు దాని ప్రయోగము ప్రాచీన గ్రంథములలోను, అది చెప్పు వస్తువు ప్రాచీన గృహములలోను కనబడవలెను. ఈ పరీక్షకు నిలువని సామ్యములను మన పరిశోధనవ్యాసములలో తొందరపడి చేర్చుకొనరాదు.

7

నార్వేలో ఈ పదమునకు రెండు రూపములేల యుండవలెనను ప్రశ్న మిగిలినది. ఇచ్చట పదచరిత్ర దేశచరిత్రతో కలియుచున్నది. నార్వే 1814 వరకు డెన్మార్కు రాజుల యేలుబడిలో నుండెను. వ్రాతభాష డేనిషు. డేనిషు నోట 'విన్దౌగ' యొక్క ఉత్తరపదము బలహీనమైన స్వరస్థానమున అరిగి 'విన్దూఎ' యయ్యెను. విడిగా కన్నునకు వేరు రూపము నిలువగా, సమాసములోని కన్ను గుర్తింపరాని దయ్యెను. ఈ అరిగిన రూపమే నార్వే పట్టణవాసుల వ్రాతలోను, నోటను నిలిచి, 1907, 1917 సంవత్సరముల లిపిసంస్కరణములు మొదలుగా వ్రాత దేశీయోచ్చారణకు దగ్గరయైన క్రమమున 'విన్దు'గా స్థిరపడెను. చదువుకొన్నవారి ఉచ్చారణను ఆధారముగా గొని డేనిషు వ్రాతను నార్వేకు తగినట్లు మార్చవలెనని వాదించిన వారిలో ప్రముఖుడు క్నూడ్ క్నూడ్సెన్ (1812–1895).

ఈవార్ ఓసెన్ (1813–1896) మరియొక దారి త్రొక్కెను. అతడు పడమటి తీరమున కాపుకుటుంబమున జన్మించెను. 1842 మొదలుకొని కొన్ని సంవత్సరములు దేశమంతట నడచి పల్లెభాషలను సేకరించెను. 1848లో జనభాషకు వ్యాకరణమును, 1850లో నిఘంటువును ప్రకటించెను. 1873లో నిఘంటువును పెంచి మరల ప్రచురించెను. పల్లెజనుల నోట నున్న రూపములను పోల్చి, వానికెల్ల మూలముగా నిలువగల రూపమును వ్రాతకు గైకొనుట ఆయన పద్ధతి. ఆ పద్ధతిని అరిగిన 'విన్దూఎ' గాక గాలియు కన్నును స్పష్టముగా కనబడు రూపము నిలిచినది. 1885లో నార్వే శాసనసభ రెండు వ్రాతభాషలకును సమానప్రతిపత్తి నిచ్చెను. 1929లో వానికి 'బూక్‌మోల్', 'నీనోర్స్క్' అను పేర్లు నిర్ణయింపబడెను. నాటినుండి 'విన్దు' మొదటిదాని మాట. 'విన్దౌగె' రెండవదాని మాట. ఒక చిన్న కిటికీపేరు చూచి వ్రాసినవాని పక్షమేదియో నార్వేవారు గుర్తింపగలరు.

ఈ వివాదమున కొందరు 'విన్దౌగె' పాతదానిని బలవంతముగా బ్రదికించుట యనిరి. మరికొందరు 'విన్దు' చెడిన మాట యనిరి. రెండు మాటలును శాస్త్రదృష్టికి నిలువవు. 'విన్దౌగె' వంటి రూపములు పల్లెలలో ఎన్నడును చావలేదు. ఓసెన్ వానిని కల్పింపలేదు, వినెను. 'విన్దు' చెడినది కాదు. ధ్వనిసూత్రములకు లోబడి అరిగినది. అరుగుట చెడుట యైనచో మన 'వాకిలి' గూడ చెడినదే కావలెను. అది 'వాయి' అనగా నోరు, 'ఇల్లు' అను రెండు పదముల కలయిక. తమిళమున 'వాయిల్' దానికి సాటి. ఇంటికి వాకిలి నోరు, కిటికీ కన్ను. కాని వాకిట ముగ్గు వేయునపుడు ఇంటి నోటియందు ముగ్గు వేయుచున్నామని యెవ్వరును తలపరు. తలపకపోవుటచేతనే ఆ మాట సులభముగా నడచుచున్నది. సమాసము అరిగి రూఢియగుట దానికి లోపము కాదు, అది చక్కగా పనిచేసిన దనుటకు గుర్తు.

అయినను రూఢియైన మాటలో దాగిన చరిత్రను వెలికితీయుటకు పారదర్శకమగు రూపమొకటి ఎక్కడనో బ్రదికియుండుట పరిశోధకునకు భాగ్యము. 'విన్దు' మాత్రమే మిగిలియున్నచో అందు కన్ను గలదని ఊహించుట కష్టమగును. పల్లెనోళ్లు నిలిపిన రూపమే ఆ కష్టమును తీర్చినది.

8

పదములను వస్తువులతో కూడ పరిశోధింపవలెనను సిద్ధాంతమును ఆస్ట్రియా దేశమున రుడోల్ఫ్ మెరింగర్ మొదలగువారు గట్టిగా ప్రతిపాదించిరి. 'పదములు, వస్తువులు' అను నర్థముగల పేరుతో వారి పత్రిక 1909లో వెలువడెను. మెరింగరు ఇండ్లను, పొయ్యిలను, పనిముట్లను స్వయముగా పరిశీలించినవాడు. 1903–06 నడుమ ఫాల్క్, టొర్ప్ అను పండితులు నార్వే, డేనిషు భాషలకు వ్యుత్పత్తికోశము రచించిరి. నార్వే పల్లెభాషలకు పండ్రెండు సంపుటముల మహానిఘంటువు 2016లో పూర్తియైనది. ఒక్కొక్క గృహవాచకమునకును ఏ ప్రాంతమున ఏ రూపము, ఏ వస్తువునకు చెల్లునో చెప్పగల సామగ్రి వారికి గలదు.

మనకును ఈ దారి క్రొత్తది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, 1962లో వెలువడినది. ఆ మాలలో గృహనిర్మాణమునకు సంబంధించిన సంపుటమును గలదు. దూలము, వాసము, నిట్టాడి, దర్వాజా వంటి పదములను వానివాని ప్రాంతములతో చూడగోరు విద్యార్థికి అది దారిచూపును. కాని పెంకుటిండ్లును, పూరిండ్లును నానాటికి తగ్గిపోవుచున్నవి. వడ్రంగి చేతిపనితోపాటు అతని మాటయు పోవుచున్నది. నడిమిపొయ్యి పోయిన పిదప 'ల్యోరి' యేమియో చెప్పుటకు నార్వేవారికి ప్రదర్శనశాలలో నిలిపిన యిల్లు మిగిలినది. మన మండువాయింటిని, చుట్టిల్లును గూర్చి రేపటి పరిశోధకుడు అడిగిన ప్రశ్నకు జవాబు నేడు సేకరింపవలసియున్నది. పదమును వ్రాసికొనునపుడే వస్తువును కొలిచి, చిత్రించి, దాని పనిని వడ్రంగిచేతనే చెప్పించి వ్రాసికొనుట మేలు.

తుదకొక మాట. తెలుగువారి వాడుకలో కిటికీకి పేరు 'కిటికీ'యే. అది హిందీ నుండి వచ్చినది. గవాక్షము కావ్యములందు మిగిలెను. కాని ఇటీవలి కాలమున ప్రభుత్వ కార్యాలయములలో అన్ని యనుమతులును ఒకేచోట నిచ్చు పద్ధతికి 'ఏకగవాక్ష విధానము' అను పేరు పత్రికలలో వ్యాపించినది. అది ఇంగ్లీషు మాటకు అనువాదము. ఆ ఇంగ్లీషు మాటలోని కిటికీ ఉత్తరసముద్రము దాటివచ్చిన గాలికన్ను. దానిని తెలుగుచేసినవారు గాలిని విడిచి, కన్నును నిలిపి, ఆవును చేర్చిరి. ఆ సంగతి వారెరిగి చేసినది కాదు. పాతపదము తన పనికి తాను వచ్చి నిలిచినది. పొగగూడిన మ్రానియింట గాలికై తొలిచిన రంధ్రము పేరును, ఆవుకన్ను ఆకారపు రంధ్రము పేరును ఇట్లొకచోట కలిసికొనినవి. అయినను అవి తోబుట్టువులు కావు, తరువాత పరిచయమైన పొరుగువారు. ఈ భేదమును చూపుటయే వ్యుత్పత్తిశాస్త్రము పని యని మేము భావించుచున్నాము.